ఆషాఢంలో అల్లుడు చేసిన బండి రిపేరు

మా మావగారి మోటారుసైకిలుని నేను ఎలా తగలబెట్టానో చెబుతాను. అగ్గిపుల్ల గీసి అంటించాననుకునేరు. అలా చేసినవాడికి కోపమొచ్చిందనో పిచ్చెక్కిందనో ఏదో ఒక సాకు దొరుకుతుంది. నాకు ఆ సాకు కూడా లేదు. నేను ప్రశాంతంగా పీట వేసుకుని కూర్చుని, మధ్య మధ్య కాఫీ తాగుతూ, ఊళ్ళో పెద్దమనుషులు మెచ్చుకుంటూ ఉండగా తగలబెట్టాను. ఈ సంగతి మా ఆవిడ ఎదురుగా ఎత్తితే ఇప్పటికీ ఆ పూట నాకు పచ్చడన్నమే. ప్రస్తుతం ఆవిడ పేరంటానికి వెళ్ళింది కాబట్టి గబగబా చెప్పేస్తాను, మీరూ గబగబా వినేయండి.

అరవైల చివరి రోజులు. విజయనగరంలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరుగా కొత్తగా చేరాను. బీయస్సీ ప్యాసయ్యాను గనక కరెంటు గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. నల్లబల్ల మీద బ్యాటరీ బొమ్మ గీసి, బల్బు బొమ్మ గీసి, రెంటినీ గీతలతో కలిపి, "ఇదిగో, బల్బు వెలిగింది" అనేవాణ్ణి. బల్ల మీద నా బల్బు ఒక్కనాడూ ఆరిపోలేదు. ఆ ధైర్యమే కొంప ముంచింది.

ఆ వేసవిలోనే నాకు పెళ్ళయింది. అమ్మాయి పేరు పార్వతి. వాళ్ళది పొందూరు దగ్గర ఒక పల్లె. రైలు దిగి చేలగట్ల మీద కాస్త దూరం నడవాలి. మావగారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. రైతులకి మాత్రం ఆయనే డాక్టరు. ఆవుకి పొట్ట ఉబ్బినా, గేదెకి ఈత కష్టమైనా ఆయన మోటారుసైకిలు వేసుకుని వెళ్ళాల్సిందే. ఆ బండి ఎవరో ఇంగ్లీషు మిల్లుదొర సీమకి వెళ్ళిపోతూ అమ్మేసినది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదొక్కటే మోటారుసైకిలు. దాని చప్పుడు వినగానే మనుషులు బయటికొచ్చి నిలబడేవారు, సూదిమందు గుర్తున్న పశువులు చాటుకు పోయేవి.

పెళ్ళయిన ముచ్చట తీరకుండానే ఆషాఢం వచ్చిపడింది. పార్వతిని పుట్టింటికి తీసుకెళ్ళిపోయారు. కొత్త అల్లుడు ఆషాఢంలో అత్తవారి గడప తొక్కకూడదు. ఈ నియమం పెట్టిన పెద్దాయన ఎవరో గానీ, ఆయనకి కొత్తగా పెళ్ళయిన రోజులు ఎప్పుడూ లేవని నా అనుమానం. క్లాసులో నిలబడి ఆమ్లాలు, క్షారాలు చెబుతున్నా నాకు పార్వతి జడే కనిపించేది. అన్నం సయించేది కాదు. పాతికేళ్ళవాణ్ణి, దిక్కుమాలినవాడిలా రైలుస్టేషనుకి వెళ్ళి పొందూరు వైపు వెళ్ళే రైళ్ళు చూసి వచ్చేవాణ్ణి.

అలాంటి సమయంలో మందులు తీసుకెళ్ళడానికి విజయనగరం వచ్చిన మావగారు నన్ను చూసిపోదామని స్కూలుకి వచ్చారు. మాటల్లో బండి సంగతి ఎత్తారు.

"నడవడం నడుస్తన్నాది బాబూ. లైటే మినుకు మినుకుమంటన్నాది. ఆరన్ మోగడం నేదు. శ్రీకాకుళం అట్టుకెళ్ళి సూపించాల."

నా గుండె ఒక్కసారి ఎగిరింది. "శ్రీకాకుళం దేనికండీ మావయ్యగారూ? నేనున్నాను కదా! అదంతా కరెంటు వ్యవహారం. ఆదివారం వచ్చి నేను చూస్తాను."

ఆయన ముఖం ఇబ్బందిగా అయింది. "ఆషాడం కదా బాబూ..."

"బండి ఉండేది వాకిట్లో కదండీ. గడపతో నాకు పనేముంది?"

కొత్త అల్లుడు ఒక మాటంటే కాదనడం ఆ ఇంట్లో తెలియదు. అల్లుడు చలికాలంలో మామిడిపండు అడిగినా, నేదు అనరు, "సూద్దాం బాబూ" అంటారు. ఆయన తల గోక్కుని, "సూద్దాం బాబూ" అన్నారు. నేను దాన్ని "రండి" అని అర్థం చేసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే దిగిపోయాను. అత్తగారు నన్ను చూసి గుండెలు బాదుకున్నంత పని చేశారు.

"ఓలమ్మ! ఆషాడంలో వొచ్చీసినారేటి బాబూ! గడప తొక్కీకండి, మీకు పున్నెముంటాది. అరుగు మీద కూకోండి. మంచినీల్లు అక్కడికే తెత్తాను."

"నేను బండి కోసం వచ్చానత్తయ్యగారూ" అన్నాను గంభీరంగా. అప్పుడు నేను కట్టుకున్నది పెళ్ళికి వాళ్ళు పెట్టిన పొందూరు పంచె. అత్తగారు దగ్గరుండి నేయించిన సన్నటి ఖద్దరు. బండి బాగుచేసేవాడెవడైనా అలాంటి పంచె కట్టుకొస్తాడా అని మీరు అడగొచ్చు. పార్వతి చూస్తుంది కదండీ, పాత లాగూ ఎలా వేసుకొస్తాను?

వాకిట్లో బండి ముందు పీట వేశారు. తలుపు చాటున గాజుల చప్పుడు వినిపించింది. నేను స్పేనరు చేతిలోకి తీసుకుని, "నేను లోపల చూస్తున్నప్పుడు లైటు స్విచ్చి దగ్గర ఒక మనిషుండాలండీ. వెయ్యమన్నప్పుడు వెయ్యాలి, తియ్యమన్నప్పుడు తియ్యాలి" అన్నాను.

"దానికేటి బాబూ, నానుంటాను" అని మావగారు చొక్కా చేతులు మడిచి వచ్చి నిలబడ్డారు.

ఆయన ముఖం చూస్తూ స్విచ్చి వేయించడానికా నేను రైలెక్కి వచ్చింది? అదృష్టం బాగుండి, ఇంతలో ఎవరిదో ఎద్దుకి దెబ్బ తగిలిందని కబురొచ్చి ఆయన సైకిలు మీద వెళ్ళిపోయారు. అత్తగారు కాసేపు ఆలోచించి, గడప లోపల నన్నేగా రావద్దన్నది, అమ్మాయి బయటికి రాకూడదని ఎవరూ అనలేదు కదా అనుకున్నారో ఏమో, "ఒలే పార్వతీ, ఆ స్విచ్చేదో నువ్వు పట్టుకోయే" అన్నారు.

పార్వతి వచ్చింది. హ్యాండిలు పట్టుకుని నిలబడింది. నేను పీట మీద, ఆవిడ బండికి అటుపక్క.

"బాగున్నారా?" అంది మెల్లగా.

"ఇప్పుడు బాగున్నాను."

"బండిని సూడండి, నన్ను కాదు. అమ్మ ఇటే సూస్తన్నాది."

బండిని చూశాను. సీటు కింద బ్యాటరీ ఉంది. దాని కొసల మీద తెల్లగా, పచ్చగా పిండిలా పేరుకుని ఉంది. తీగ ఆ పిండిలో కూరుకుపోయి వదులుగా ఊగుతోంది. రోగం అదే, అంతకుమించి ఏమీ లేదు. వేణ్ణీళ్ళు తెప్పించి కడిగి, గీకి, బిగించి, "వెయ్యి" అన్నాను. పార్వతి స్విచ్చి వేసింది. పట్టపగలు కూడా కళ్ళు చెదిరేలా వెలిగింది లైటు. హారన్ నొక్కితే అరుగు మీద పడుకున్న కుక్క లేచి పరిగెత్తింది. పార్వతి చప్పట్లు కొట్టింది. ఆ క్షణంలో నాకంటే గొప్పవాడు ఈ జిల్లాలో లేడు.

కథ అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది! లోపల్నుంచి అత్తగారు కేకేశారు.

"ఎలిగీసినాదా బాబూ? ఎంత సులువుగా సేసీసినారు! ఒలే, ఇంక నోపలికి రాయే. మద్దేన్నం రైలుంటాది, బాబు అన్నం తిని ఎలిపోతారు."

నా ప్రాణం ఉసూరుమంది. రాక రాక వస్తే గంటకే సాగనంపుతున్నారు. వచ్చే ఆదివారం మళ్ళీ ఏ మొహం పెట్టుకుని రావాలి? పార్వతి చెయ్యి కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళింది. నేను అటూ ఇటూ చూశాను. చేతిలో స్పేనరుంది. ఇప్పుడే బిగించిన తీగని చిన్నగా, ఒకే ఒక్క తిప్పు, వదులు చేశాను. లైటు ఆరిపోయింది.

"అయ్యో, ఆరిపోనాదే!" అంది పార్వతి తిరిగొచ్చి.

"అనుకున్నాను" అన్నాను నేను, డాక్టరు నాడి చూసినట్టు బండి మీద చెయ్యి వేసి. "ఇది పైపైన వెలగడం. అసలు రోగం లోపలుంది. మళ్ళీ ఆదివారం రావాలి."

సిగ్గు లేకుండా ఎంత శుద్ధంగా అబద్ధమాడానో చూశారా? అప్పుడు నాకు సిగ్గనిపించలేదండీ, అదే ఇప్పటికీ నా బాధ. రైల్లో కిటికీ పక్కన కూర్చుని నా తెలివికి నేనే నవ్వుకుంటూ వెళ్ళాను.

తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి మావగారు కుంటుతున్నారు. మోకాలికి పెద్ద కట్టు.

"ఏమైందండీ?"

"ఆఁ, ఏటీ నేదు బాబూ. గిత్త తన్నీసినాది."

నేనూరుకున్నానా? పశువు వెనక ఎలా నిలబడాలో, ఎంత దూరంలో నిలబడాలో, జీవితమంతా పశువుల మధ్య గడిపిన మనిషికి పావుగంట చెప్పాను. ఆయన కట్టు సవరించుకుంటూ, "అలగేనండీ, అలగే బాబూ" అని విన్నారు. గిత్త కాలు ఎంత వేగంతో వస్తుందో లెక్క కూడా చెప్పాను.

ఆ రోజు డైనమో విప్పాను. విప్పాల్సిన పని లేదు, విప్పితే గానీ పొద్దు గడవదు. పార్వతి చేత నట్లు పట్టించాను, బోల్టులు తుడిపించాను. ఊళ్ళో ముసలాళ్ళు ముగ్గురు వచ్చి అరుగు మీద చేరారు.

"అల్లుడుగోరు బీయస్సీ అంట."

"మరేటనుకున్నావు? బండి నరాలన్నీ తీసి సూస్తన్నారు."

"పెద్ద సదువురా బాబూ. మనకేటి తెలుస్తాది!"

నేను ఇంకో రెండు నరాలు తీశాను. మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద కళ్ళు మూసుకుని ఉంటే లోపల అత్తగారి గొంతు వినిపించింది.

"మీరా కాలుతోటి ఆ సీకట్లో ఎన్నాళ్ళు తిరుగుతారు? శ్రీకాకుళం అట్టుకెళ్ళీరాదా?"

"తప్పే! అల్లుడు సెయ్యెట్టిన బండి ఇంకోడికి సూపిత్తే ఆ బాబు మొకం ఎక్కడెట్టుకుంటాడు? ఆ బాబే సేత్తారు. సూద్దాం."

మీరైతే ఏం చేసేవారు? లేచి, తీగ బిగించి, లైటు వెలిగించి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవారు. మనిషన్నవాడు ఎవడైనా అదే చేస్తాడు. నేను మాత్రం, 'నా గౌరవమంటే ఈయనకెంత శ్రద్ధ!' అని మురిసిపోయి అటు తిరిగి పడుకున్నాను.

మూడో ఆదివారానికి నాకు పూర్తిగా పొగరెక్కింది. రెండు వారాలుగా అబద్ధపు రోగాలు చెబుతూ చెబుతూ, నేను నిజంగానే మెకానిక్కునని నమ్మేశాను. ఈసారి అసలు రిపేరు చేసి లైటు ఇదివరకెప్పుడూ లేనంత వెలుగు వచ్చేలా చేసి, పార్వతి చేత మళ్ళీ చప్పట్లు కొట్టించుకోవాలని కోరిక పుట్టింది. బ్యాటరీ పైకి తీశాను. తీస్తూ ఒళ్ళోకి వంచాను. పంచె మీద కాస్త తడి అయింది. తుడుచుకున్నాను. అది నీళ్ళు కాదు, ఆమ్లం. వారమంతా పిల్లలకి ఆమ్లాల గురించి చెప్పినవాణ్ణి నేనే.

అప్పుడు కనిపించింది నాకు ఆ ఘోరం. బ్యాటరీ ప్లస్సు తీగ తీసుకెళ్ళి బండి ఇనప చట్రానికి బిగించి ఉంది! నేను చదివిన పుస్తకంలో బొమ్మలన్నిటిలో చట్రానికి పోయేది మైనస్సే.

"పార్వతీ, చూశావా! ఇన్నేళ్ళూ బండిని తలకిందులుగా నడుపుతున్నారు మీ నాన్న!"

"అలగా? మరి ఇన్నాళ్ళూ ఎలాగెలిగినాది?"

ప్రశ్న చాలా మంచిది. బీయస్సీ చదవనివాళ్ళకి వచ్చే ప్రశ్న. "అదే విచిత్రం" అన్నాను నేను, తీగలు రెండూ అటుదిటు చేస్తూ. సీమలో ఆ బండి చేసినవాళ్ళు కావాలనే ప్లస్సు చట్రానికి పెట్టారని నాకు తర్వాత తెలిసింది. అటుదిటు చేస్తుంటే టప్‌మని నిప్పురవ్వ లేచి, ఫ్యూజు పోయింది. ఫ్యూజు పోవడమంటే "ఒరే, తప్పు చేస్తున్నావురా" అని బండి చెప్పడమే కదా. నేను వినిపించుకోకుండా, ఈ సన్న తీగ ఎందుకూ పనికిరాదని పడేసి, దాని స్థానంలో లావుపాటి రాగితీగ చుట్టాను.

మావగారు కుంటుకుంటూ వచ్చారు. లైటు డొప్ప మీద కరెంటు కొలిచే చిన్న ముల్లు అటు పోవాల్సింది ఇటు పోయి కొట్టుకుంటోంది.

"అదేటి బాబూ, ముల్లు ఎనక్కి ఎలిపోనాది?"

"ఇన్నాళ్ళూ వెనక్కి ఉందండీ. ఇప్పుడు ముందుకొచ్చింది. కొట్టండి స్టార్టు!"

కాలు బాగులేకపోయినా అల్లుడు కొట్టమన్నాడని ఆయన కొట్టారు. ఇంజను అందుకుంది. నేను గట్టిగా ఏక్సిలేటరు తిప్పాను. ముందు సీటు కింద బుసబుసమని చప్పుడైంది. తర్వాత పొగ. తెల్లటి పొగ కాదు, నల్లగా, కంపుగా, రబ్బరు కాలిన పొగ. తీగలన్నీ ఎర్రగా కాగి, వరసగా, సీటు కింద నుంచి లైటు దాకా అంటుకున్నాయి. ముసలాళ్ళు ముగ్గురూ అరుగు దిగి వీధిలోకి పరిగెత్తారు.

"నీల్లు! నీల్లు పొయ్యండర్రా!"

"నీళ్ళు పొయ్యకూడదు! ఇసక! ఇసక!" అని అరిచాను, సైన్సు మాస్టరుని కదా. అరుస్తూ నేనే బిందెడు నీళ్ళు గుమ్మరించాను. మావగారు ఇంజను ఆపి, ఉత్త చేత్తో బ్యాటరీ తీగ పీకి పారేశారు. మంట ఆరింది. బండి ముందు భాగం కాలిన వంకాయలా నిలబడింది.

ఎవరూ ఏమీ అనలేదు. అదే భయంకరం. తిట్టండి బాబూ, ఒక్కరైనా తిట్టండి అని మనసులో వేడుకున్నాను. అత్తగారు మాత్రం నన్ను పైనుంచి కిందికి చూసి, చటుక్కున ముఖం పక్కకి తిప్పుకుని, "బాబూ... పంచె..." అన్నారు. చూసుకున్నాను. ఆమ్లం పడ్డచోటల్లా పంచె జల్లెడైపోయి ఉంది. ఒంగి లేస్తుంటే చిల్లులన్నీ కలిసిపోయి ఒకటైపోతున్నాయి.

సరిగ్గా ఆ సమయానికి పక్క ఊరి రైతు సింహాచలం రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"డాట్రుబాబూ! మా గేది ఈనలేకపోతన్నాది! దూడ అడ్డం తిరిగిపోనాది. మద్దేన్నం నుండి పొర్లుతన్నాది బాబూ. మా పిల్లలు పాలు తాగేది దాని మీదే. బేగి రండి!"

పొద్దు వాలుతోంది. ఆకాశం మబ్బు పట్టి అప్పుడే చీకటి ముసురుతోంది. మావగారు మందుల సంచీ భుజాన వేసుకుని నా వైపు తిరిగారు.

"బాబూ, బండి నడుస్తాదా?"

ఆ బండికి ఇంజను నిప్పురవ్వ మాగ్నెటో అనే వేరే పరికరం నుంచి వస్తుంది, దానికి బ్యాటరీతో సంబంధం లేదు. కనక నడుస్తుంది. "నడుస్తుందండీ. లైటు మాత్రం..." అని ఆగిపోయాను. అంతవరకూ ఆ లైటు నాకు పార్వతి ముఖం చూడ్డానికొక సాకు. అది ఆయన ఇలాంటి వేళ దారి చూసుకోవడానికి ఉందన్న ఆలోచన ఆ నిమిషం దాకా నాకు రాలేదంటే నమ్ముతారా?

పార్వతి లోపలికెళ్ళి వెలుగుతున్న లాంతరు తెచ్చి నా చేతికిచ్చింది. "మీరెల్లండి, ఎనకాల కూకోండి. నాన్నకి దీపం పట్టండి" అంది. నేను చిల్లుల పంచె గోచీ పోసి వెనక ఎక్కాను. సింహాచలం బండి పక్కన పరుగు.

"అల్లుడూ, దీపం పైకెట్టు. ఎనకాలుంటే నాకు నా నీడే కనిపిత్తన్నాది."

లాంతరు ఆయన తల మీదుగా చాచి పట్టుకున్నాను. దారిలో మేకలు అడ్డొచ్చాయి. హారన్ కూడా నేనే తగలబెట్టాను గనక, "పోం! పోం!" అని నోటితో అరిచాను. మేకలు కదల్లేదు. ఇంకా గట్టిగా అరిచాను. నాట్లు వేసి ఇళ్ళకి వెళ్తున్న ఆడవాళ్ళు గట్టు మీద నిలబడిపోయారు.

"ఎవురే ఆ దీపం మోత్తన్నది?"

"డాట్రుబాబు కొత్తల్లుడే. పెద్ద సదువంట."

"మరలాగరుస్తాడేటే? ఆ బట్టలేటే అమ్మా!"

నేను తల దించుకుంటే దీపం దిగుతుంది. దీపం దిగితే మావగారికి దారి కనపడదు. కనక ఆ అవమానమంతా తల పైకెత్తుకునే అనుభవించాను. పోం, పోం అంటూనే.

కాలవ గట్టు దగ్గరికి రాగానే సింహాచలం కేకేశాడు. "ఇక్కడ బద్రం బాబూ! మొన్న డాట్రుబాబు బండితో పడిపోయిన సోటిదే!"

నాకు అర్థం కాలేదు. "పడిపోవడమేమిటి? గిత్త తన్నిందన్నారు కదండీ మావయ్యగారూ?"

 ఆయన దారి మీంచి చూపు తిప్పకుండానే, "ఆఁ... గిత్త కూడా తన్నినాదిలే బాబూ" అన్నారు.

"గిత్తేటి బాబూ!" అన్నాడు సింహాచలం రొప్పుతూ. "నానే కదా ఒడ్డుకి నాగినాను. లైటు నేక గట్టు కనపడనేదు. ఇదేటి బాబూ, లైటు బాగుసేయించుకోరాదా అంటే, మా అల్లుడు సేత్తన్నాడు, మజ్జిన ఇంకోడు సెయ్యెడితే ఆయన సిన్నబోతాడు అన్నారు."

 ఒక్క తిప్పు, చిన్న తిప్పు, అంతే కదా నేను తిప్పింది. దానికి ఈ మనిషి చీకట్లో కాలవలో పడి, మోకాలు చితగ్గొట్టుకుని, ఇంటికొచ్చి నా పరువు పోకూడదని గిత్త మీద పెట్టాడు. ఆయనకి నేను పశువు వెనక ఎలా నిలబడాలో పాఠం చెప్పాను. నాకు కాలవలో దూకాలనిపించింది. దీపం పట్టేవాడు లేకుండా పోతాడని ఆగాను.

సింహాచలం పాకలో గేదె కళ్ళు తేలేసి ఉంది. మావగారు కట్టు కట్టిన మోకాలిని బురదలో ఆన్చి కూర్చుని పనిలోకి దిగారు. "దీపం ఇటు. కిందికి. ఇంకాస్త" అంటే నేను అటూ ఇటూ కదిలాను. బాధకి ఒక్కోసారి ఆయన పళ్ళు కరుచుకునేవారు. ఆ బాధ గేదెది కాదు, నాది. అంటే నేను పెట్టినది. చివరికి దూడ బయటపడింది, ముక్కు తుడవగానే తుమ్మింది. గేదె తల తిప్పి నాకడం మొదలెట్టింది. సింహాచలం పెళ్ళాం ఏడుస్తూ మావగారి కాళ్ళకి, పక్కనున్నాను కనక నా కాళ్ళకి కూడా దణ్ణం పెట్టేసింది. జీవితంలో ఏ దణ్ణమూ నన్ను అంతలా కాల్చలేదు.

తిరుగు దారిలో ఇక ఆపుకోలేకపోయాను. "మావయ్యగారూ, మొదటి ఆదివారమే లైటు వెలిగిందండీ."

బండి ఆగింది. "మరేటి, మళ్ళీ ఎందుకారిపోనాది?"

"నేనే... తీగ వదులు చేశానండీ."

"ఎందుకూ?"

"బాగైపోతే మళ్ళీ రావడానికి సాకుండదని. పార్వతిని చూడాలని."

ఆయన వెనక్కి తిరిగి, లాంతరు వెలుగులో నన్ను చూశారు. కొడతారనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఓరి నీ అమాయకం కూల! సూడాలనుంటే సూడ్డానికొచ్చినానని సెప్పొచ్చు కదా బాబూ! గడప తొక్కొద్దన్నాం గానీ ఊరు తొక్కొద్దన్నామేటి? అరుగు మీద మంచమేసీవోళ్ళం. రోజూ రైలెక్కి వొచ్చినా ఎవులొద్దంటారు? దానికి బండి కాల్సీడం దేనికి?"

ఇక నా గతి ఊహించుకోండి. అబద్ధం పట్టుబడ్డా ఇంత సిగ్గుండదు. ఆ అబద్ధం అసలు అవసరమే లేదని తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

"మీ అత్తకి సెప్పీకు. నాను కూడా సెప్పను" అన్నారాయన బండి మళ్ళీ కదిలిస్తూ. చెప్పలేదు కూడా. బతికినన్నాళ్ళూ, ఎవరు కాలు సంగతి అడిగినా గిత్త అనే అన్నారు.

కానీ పార్వతికి గిత్తలూ ఆవులూ బాగా తెలుసు. ఇంటికి రాగానే నాన్న బురద మోకాలు చూసింది, నా ముఖం చూసింది. "నాన్న కాలు లైటు నేకేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆ ఊపులో తీగ సంగతి కూడా చెప్పేశాను. అరుస్తుందేమో, అరిస్తే నేను కాళ్ళు పట్టుకోవచ్చు అనుకున్నాను. ఆవిడ అరవలేదు. నా చేతిలో లాంతరు తీసుకుని, గడప అవతలికి వెళ్ళి నిలబడింది.

"సావణం వొచ్చినా నాను రాను. ముందు మా నాన్న బండికి లైటెలగాల. మీరు కాదు, సేతనైనోడి సేత సేయించండి."

మర్నాడు సెలవు పెట్టి, బండిని ఎడ్లబండి మీద ఎక్కించి శ్రీకాకుళం తీసుకెళ్ళాను. నాగావళి వంతెన మీద జనమంతా ఆగి చూశారు. మెకానిక్కు సీటు ఎత్తి చూసి, "దీనికి పిడుగేటైనా కొట్టినాదేటండీ?" అన్నాడు. అవునన్నాను. పిడుగని ఒప్పుకోవడమే నాకు గౌరవంగా తోచింది. శ్రావణంలో బండి ఇంటికొచ్చింది, లైటు వెలిగింది, పార్వతి స్విచ్చి తానే వేసి చూసుకుని అప్పుడు పెట్టె సర్దింది. అత్తగారు నాకు హారతిచ్చి గడప దాటించారు. దాటిస్తూ, "బాబూ, ఇంక ఇల్లంతా మీ ఇట్టం. ఆ బండి పక్కకి మాత్రం ఎల్లీకండి" అన్నారు, ఎంతో మర్యాదగా.

అక్కడితో అయిపోలేదు. ఈ మధ్య ఆ ఊళ్ళో పార్వతివాళ్ళ చుట్టాల అమ్మాయి పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికొడుకు ఇంజనీరు. తనకి మావగారి వరసయ్యే ఒకాయన మోటారుసైకిలు మీద ఒకసారి అలా తిరిగొద్దామని చెయ్యి వేశాడు. అంతే, ముసలమ్మలంతా ఒక్కసారి లేచారు.

"తప్పు బాబూ! మా ఊల్లో కొత్తల్లుడు మోటారుసైకిలు ముట్టుకోకూడదు! ఇంటికి మంచిది కాదు!"

కుర్రాడు బిత్తరపోయి తిన్నగా నా దగ్గరికొచ్చాడు. "మీరు సైన్సు మాస్టారటకదండీ. ఏమిటండీ ఈ మూఢాచారం? ఎందుకని అడిగితే ఒక్కరికీ తెలీదు. తాతల నాటిదంటున్నారు. ఇలాంటివి ఎలా పుడతాయండీ?"

పార్వతి పక్కనే కూర్చుని పువ్వులు కడుతోంది. చెయ్యి ఆపి నా ముఖంలోకి చూసింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి, ప్రతిదానికీ కారణం అడగండర్రా, కారణం లేనిదే నమ్మకండర్రా అని చెప్పినవాణ్ణి.

"పెద్దలు ఊరికే పెట్టరు బాబూ" అన్నాను. "నమ్మాలి."

కాబట్టి పెద్దలారా, ఇందుమూలంగా నేను చేయు ప్రమాణం ఏమనగా: ఇకమీదట ప్రాణం పోయినా ఏ బండి సీటు కిందికీ తొంగిచూడను, ప్లస్సు ఎక్కడుందో మైనస్సు ఎక్కడుందో విచారించను, టార్చిలైటులో బ్యాటరీలు పార్వతి చేతే వేయిస్తాను. ఎవరినైనా చూడాలని ప్రాణం కొట్టుకుంటే, తిన్నగా వెళ్ళి వాళ్ళ వాకిట్లో నిలబడి, "మిమ్మల్ని చూద్దామనే వచ్చానండీ" అని ఉత్త చేతులతో చెబుతాను.